సీట్లు నిండేదాకా

ఇంకా ఆరుగురు కావాలి. ఆరుగురు ఎక్కితే గానీ బండి కదలదని, కదిలిందంటే మాత్రం బాణంలా పోతుందని, తల నెరిసిన కేకలాయన గొడుగు ఊపుతూ జోంబా బస్టాండంతా దద్దరిల్లేలా అరుస్తున్నాడు, లివోండే, బలాకా, లిలోంగ్వే, లివోండే, బలాకా, లిలోంగ్వే, మూడూళ్ల పేర్లూ కలిసి ఒకే ఊరి పేరయినట్టు. తవోంగా కిటికీ పక్కన సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఆయన ఆపేసిన చోటు నుంచి మిగతా దారి తనే లోలోపల చెప్పుకుంటోంది, లిలోంగ్వే తర్వాత మ్జూజూ, మ్జూజూ తర్వాత దిగుడు, దిగుడులో రబ్బరు తోటలు, తోటలు దాటాక ఒక మలుపు, ఆ మలుపులో ఒక్కసారిగా నీళ్లు, ఆకాశమేదో సరస్సేదో తెలియనంత నీలం. రేపు మధ్యాహ్నానికి ఆ మలుపు వస్తుంది. వచ్చాక ఏమవుతుందన్నది ఆమె ఆలోచించడం లేదు. అమ్మ ముందు నిలబడి ఏం చెప్పాలి, తను చదివిన బడి నుంచి విశ్వవిద్యాలయం దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఐదు వారాలకే సంచీతో తిరిగొచ్చిందని హెడ్మాస్టరు వింటే ఏమంటాడు, పదిహేను రోజులు క్లాసుకి రానివాళ్ల సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారని నోటీసు బోర్డు మీద ఉన్న మాట ఎవరికి చెప్పాలి, అవన్నీ మలుపు అవతల ఉన్నాయి. ఆమె మనసు మలుపు దాకా పరిగెత్తి, నీళ్లు చూసి, మళ్లీ వెనక్కి వచ్చి బండిలో కూర్చుంటోంది.

అద్దం మీద జల్లు. జల్లు అనడానికి కూడా లేదు, కొండ మీద మబ్బే విసుగు పుట్టి కిందికి దిగి వీధుల్లో తిరుగుతున్నట్టుంటుంది ఈ ఊళ్లో, చొక్కాలు తడవవు, ఆరవు. ఐదు వారాల్లో ఆ కొండ పూర్తిగా కనబడింది రెండు రోజులే. కనబడిన రోజు మాత్రం ఊరి నెత్తిన అంత పెద్దది ఇన్నాళ్లూ చప్పుడు చెయ్యకుండా నిలబడి ఉందా అని ఒళ్లు ఝల్లుమంది, మెస్సు నుంచి వస్తూ ప్లేటు పట్టుకునే నిలబడిపోయింది. చప్పుడు చెయ్యకపోవడమే కదా అసలు బాధ. పుట్టిన దగ్గర్నుంచి చెవిలో సరస్సు ఉండేది, ఒడ్డుకి కొట్టుకుని వెనక్కి గులకరాళ్లు లాక్కుపోయే ఆ గరగర, అన్నం తింటున్నా లెక్కలు చేస్తున్నా అది ఉండేది, ఉన్నట్టు తెలిసేది కాదు. ఇక్కడికొచ్చిన మొదటి రోజు మంచం మీద కూర్చుని, ఏదో ఆగిపోయింది, ఏది ఆగిపోయింది అని గదంతా వెతికింది, గడియారం చూసింది, కుళాయి చూసింది, ఎంతసేపటికో అర్థమైంది. అప్పట్నుంచి అన్నం సహించలేదు. ఇక్కడి ముద్ద మొక్కజొన్న పిండిది, చేత్తో తుంచితే తునిగిపోతుంది. తమ ముద్ద కర్రపెండలం పిండిది, సాగుతుంది, వేళ్లను వదలదు. ఆ మాట ఒకసారి నోరు జారి అంటే మెస్సులో అమ్మాయిలు, “అది ముద్దా, గోడకి కాగితాలు అంటించుకునే జిగురా?” అని పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, ఇంటికి ఉత్తరం రాసింది, భోజనం బాగుంటుంది, స్నేహితులు చాలామంది ఉన్నారు, మీరు దిగులు పడవద్దు. గురువారం లెక్కల పరీక్ష పేపరు చేతికొచ్చింది, వందకి ఇరవై రెండు. బడిలో ఏనాడూ తొంభైకి తగ్గని పిల్ల ఆ రెండంకెలని చాలాసేపు చూసింది. ఈ పిల్ల ఎవరో, ఎక్కడిదో.

“నలుగురే! నలుగురు ఎక్కితే బయల్దేరడమే!” అన్నాడు కేకలాయన. కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు, చంకలో కోడితో ఇంకొకడు అప్పుడే ఎక్కారు.

ఇప్పుడు హాస్టల్లో తన గదిలో ఉండే టీచరమ్మ లైబ్రరీలో ఉంటుంది. శనివారం మధ్యాహ్నం టీచరమ్మ లైబ్రరీలోనే ఉంటుందని తెలిసే తవోంగా ఈ వేళ ఎంచుకుంది, దుప్పట్లు మడిచి, తాళం దిండు కింద పెట్టి, చీటీ ఒకటి రాసి, చించి, ఇంకొకటి రాసి, అదీ చించి బయటపడింది. ఆవిడ మొహం చూస్తే సంచీ ఎత్తడం తన వల్ల అయ్యేది కాదు. అసలు ఆవిడని మొదటిసారి చూసినప్పుడు ఎంత సిగ్గుపడిందో, ఎవరూ వినకుండా దేవుడికి మొర పెట్టుకుంది, నాకే ఎందుకు ఈ గది అని. హాస్టలు వరండాలో నలభై దాటిన మనిషి, నెత్తిన రేకు పెట్టె, నడుముకి చితెంజె గుడ్డ, కాళ్లకి మొగవాళ్ల బూట్లు. వార్డెను కళ్లజోడు సర్దుకుని అడిగింది.

“మీ అమ్మాయి ఏదమ్మా?”

“ఆ అమ్మాయిని నేనే.”

పేరు లైనెస్. న్చేవు దగ్గర పల్లెలో పదహారేళ్లు ఒకటో తరగతికి చెప్పింది, నూటపదిమంది పిల్లలు, రెండు నల్లబల్లలు. మూడుసార్లు దరఖాస్తు పెడితే మూడోసారి సీటొచ్చింది. మొగుణ్ణి, నలుగురు పిల్లల్ని వదిలి వచ్చింది, ఆఖరివాడికి మూడేళ్లు. వచ్చిన రోజే గోడకి కాగితం అంటించింది, ఒకటో తరగతి గుండ్రటి అక్షరాల్లో, నాలుగు నుంచి ఐదు చరిత్ర, ఐదు నుంచి ఐదుంపావు ఏడుపు, ఐదుంపావు నుంచి ఆరు బట్టలు. తమాషాకి రాసిందనుకున్నారందరూ. ఐదయ్యేసరికి పుస్తకం మూసి, కండువా తీసుకుని, హాస్టలు వెనక బట్టలుతికే రాతి మీద కూర్చుని నిజంగానే ఏడ్చింది. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని కాదు, దాక్కుని కాదు, గొంతెత్తి, ఊళ్లో ఎవరో పోయినట్టు. పిల్లల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తూ, ఇప్పుడు ఎసినత్ నీళ్లకెళ్తుంటుంది, దాని చూపు దారి మీద ఉండదు, బిందె ఒలకబోస్తుంది, ఇప్పుడు జెలీనా పొయ్యి ఊదుతుంటుంది, జుట్టు ముడెయ్యమంటే వినదు, ఇప్పుడు మవూతో మేకని తోలుకొస్తాడు, ఇప్పుడు నా మయామికో గడప మీద కూర్చుని... అక్కడ మాట ఆగిపోయేది, ఒట్టి ఏడుపే ఉండేది. పావుగంట. చేతి గడియారం చూసుకునేది, లేచేది, కుళాయి కింద మొహం కడుక్కునేది, “హమ్మయ్య, అయింది” అనేది, అంట్లు తోమేసిన మనిషిలా. కిటికీల్లోంచి అమ్మాయిలు తొంగి చూసి ఇకిలించేవాళ్లు.

“టీచరమ్మా, ఆదివారం సెలవా?”

“ఆదివారం అరగంట తల్లీ, చర్చి నుంచి వచ్చాక తీరికే కదా.”

తవోంగాతో మాత్రం మూడో రోజు అంది, నువ్వూ రా, రాయి పెద్దదే, ఇద్దరం పడతాం అని. నాకేం ఏడుపు రావడం లేదు అంది తవోంగా. రాదా, మంచిదే, వచ్చినప్పుడు రా మరి అంది ఆవిడ, ఇంకెప్పుడూ అడగలేదు. తనకి నిజంగానే రాలేదు. అదేమిటో గొంతులో ఒక ముడిలా కూర్చుంది, మింగుడు పడదు, బయటికి రాదు. ముద్ద దిగకుండా, నిద్ర రాకుండా, లెక్క బుర్రకెక్కకుండా రోజంతా అదే పని. ఆవిడ దుఃఖానికి పీట వేసి కూర్చోబెట్టింది, లే అంటే లేచేలా. తను లోపలికి రానివ్వకపోతే అది ఇల్లంతా తిరిగింది. ఇదంతా అప్పుడు తెలియలేదు, అప్పుడు సిగ్గుగా ఉండేది, ఆవిడ గదిలో ఉండే పిల్ల అని పదిమంది వేలు చూపిస్తారని. ఇప్పుడు ఈ బండిలో కూర్చుని తలుచుకుంటే ఆ ఇకిలించిన మొహాలు ఒక్కటీ గుర్తు రావడం లేదు, రాతి మీద నుంచి లేచి నడుం సవరించుకుని నిలబడే ఆ మనిషే కనబడుతోంది, రాణిలా.

ఉన్నట్టుండి ఉసిపా వాసన వచ్చింది. ఎండలో వెదురు తడికల మీద ఆరబెట్టిన వేలెడు చేపలు, వెండి పొట్టు, ఉప్పు, ఎండ, అమ్మ చీర కొంగులా వాడే ఆ గుడ్డ. తవోంగా కళ్లు మూసుకుంది, నాకే అనిపిస్తోంది, ఇన్నాళ్లూ చెవులు మోసం చేశాయి, ఇవాళ ముక్కు కూడా మొదలుపెట్టింది అనుకుంది. కళ్లు తెరిచేసరికి పక్కన ఒక లావుపాటి ఆవిడ ఒళ్లో చేపలు అమ్మేసిన ఖాళీ గోనెసంచుల కట్టతో సర్దుకుంటోంది.

“జరుగమ్మా, జరుగు. మనిషిని పడతాను, వాసనే పట్టదు.”

ముందు సీట్లో కోటు పెద్దమనిషి జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. “ఆ గోనెలు బండి పైన కట్టించరాదటమ్మా?”

“పైన తడుస్తాయి నాయనా. అయినా తినేటప్పుడు ఆ ముక్కు ఎక్కడ దాచుకుంటావు, కోటు జేబులోనా?”

బండి బండంతా నవ్వింది. కోడి కూడా అరిచింది. తవోంగాకి నవ్వు రాలేదు గానీ లోపల ఏదో కదిలింది. ఆ యాస తమది. ఆ ‘తినేటప్పుడు’ అన్న మాట చివర దీర్ఘం తమ ఒడ్డుది. ఐదు వారాల్లో ఎవరూ ఆ దీర్ఘం తియ్యలేదు.

“ఎక్కడిదానివి పిల్లా?” అని ఆవిడే అడిగింది, పొట్లం విప్పి నూనెలో వేయించిన పిండి ఉండ, మండాసి, ఒకటి చేతిలో పెడుతూ, “తిను, వేడిగా ఉంది. మొహం చూస్తే మన వైపు మొహంలా ఉంది.”

“న్ఖాటా బే, పిన్నీ.”

“అట్లా చెప్పు! ఎవరి పిల్లవి?”

చెప్పకూడదనుకుంటూనే చెప్పింది. చిర్వా వాళ్లమ్మాయిని, మా అమ్మ న్యామ్వాసె, రేవు దగ్గర ఉసిపా ఆరబెడుతుంది. ఆవిడ చేతిలో రెండో మండాసి అలాగే ఉండిపోయింది. ఓసి నీ ఇల్లు బంగారం గానూ, న్యామ్వాసె కూతురివా, నేను న్యాఫిరినే, మీ తడికల పక్క తడికలు నావే, నువ్వు బోర్డింగు బడిలో ఉండగా వచ్చాను అందుకే నువ్వు నన్నెరగవు అంది. తర్వాత సంచీ వైపు ఒకసారి చూసింది.

“సెలవులా?”

“ఊఁ.”

“ఇప్పుడా? మంచిదే, మంచిదే.” ఇంకేం అడగలేదు. కిటికీలోంచి కేకలాయన వైపు తిరిగి, “ఏవయ్యా, ఇంకెంతమంది కావాలి నీకు, ఊరంతానా?” అని అరిచింది. ముగ్గురన్నాడు ఆయన.

అడగని మనుషులు ఎంత మంచివాళ్లు. టీచరమ్మా అంతే, గురువారం పేపరు చూసి ఏమీ అనలేదు, తన వాటా చెరుకుముక్క మంచం మీద పెట్టి వెళ్లిపోయింది. మంగళవారం ఆవిడకి ఉత్తరం వచ్చింది, ఈ మంగళవారమే, మొగుడు రాశాడు. మూడింటికి వచ్చింది. చదివి, మడిచి, పుస్తకంలో పెట్టుకుని, నాలుగింటికి చరిత్ర చదువుకుంది, ఐదింటికి వెళ్లింది. ఆ రోజు వెనక గోడ దగ్గర బట్టలు ఆరేస్తూ తవోంగా వింది. ఎసినత్ పేరు వచ్చింది, జెలీనా పేరు వచ్చింది, మవూతో పేరు వచ్చింది, నాలుగో పేరు రాలేదు. పావుగంటకి లేచి మొహం కడుక్కుంది గానీ అయింది అనలేదు. ఏమైందండీ అంటే ఉత్తరం చేతికిచ్చింది. అన్నీ మంచి కబుర్లే. మొక్కజొన్న కోత అయింది, మేక ఈనింది, మయామికో బాగున్నాడు, బాగా అలవాటు పడ్డాడు, ఇప్పుడు అమ్మ ఏదని అడగడం కూడా మానేశాడు, నువ్వు నిశ్చింతగా చదువుకో. పాపం, ఆ మానవుడు ఓదార్పుగానే రాశాడు. ఆ సాయంత్రం లైబ్రరీలో టీచరమ్మ పుస్తకం తెరిచి కూర్చుంది. పక్క బల్ల నుంచి తవోంగా చూస్తూనే ఉంది. గంట సేపు పేజీ తిరగలేదు. కళ్లు అక్షరాల మీదే ఉన్నాయి, చెయ్యి పేజీ అంచు మీదే ఉంది, తిప్పలేదు, లేవనూ లేదు. అలా గంట కూర్చున్నాక, వేలు తడి చేసుకుని, ఒక పేజీ తిప్పింది. బరువైన తలుపేదో ఒంటిచేత్తో నెట్టినట్టు తిప్పింది. వస్తూ వస్తూ దారిలో తవోంగా ఉండబట్టలేక అడిగింది.

“ఎలా ఉండగలుగుతున్నారు మీరు?”

“ఉండగలుగుతున్నానని ఎవరన్నారే? సగం అక్కడే ఉన్నాను. మిగతా సగాన్ని చదివిస్తున్నాను, అంతే.”

అని, చీకటి పడుతోంది నడు నడు అంటూ ఒకటో తరగతి పిల్లని లాగినట్టు చెయ్యి పట్టుకుని లాగింది. ఆ చేతికి సుద్దముక్క పట్టి పట్టి కాయ కాసిన చోటు ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఇరవై ఏళ్లు నిండని పిల్లల మధ్య, అమ్మమ్మా అని వెక్కిరించే పిల్లల మధ్య, రెండో బెంచీలో కూర్చుని చెయ్యెత్తి, సార్ నాకు అర్థం కాలేదు మళ్లీ చెప్పండి అని అడిగే మనిషి. ఆవిడ అడిగాక మిగతా నలభైమందీ గబగబా రాసుకుంటారు, వాళ్లకీ అర్థం కాలేదు కనక. అంత ధైర్యం ఎక్కడ అమ్ముతారో. నలుగుర్ని వదిలి వచ్చిన ఆ మనిషి లైబ్రరీలో ఉంది. ఎవర్నీ కనని, ఎవర్నీ వదలని తను బండిలో ఉంది.

వదల్లేదా. బయల్దేరిన పొద్దున అమ్మ బస్సు దాకా రాలేదు. నాలుగు రోజులు మ్వేరా గాలి కొట్టి పడవలు కదల్లేదు, ఐదో రోజు గాలి తగ్గి ఒడ్డంతా ఉసిపా కుప్పలు, తడికల మీద పరిచి తిరగెయ్యకపోతే పాడైపోతాయి. అమ్మ తల ఎత్తకుండా, వెళ్లిరా, కిటికీ పక్క కూర్చో అంది, చేపలు తిరగేస్తూనే ఉంది. బస్సు కొండెక్కుతుంటే వెనక్కి తిరిగి చూసింది, అన్ని తడికల మధ్య అమ్మ వంగిన వీపు. ఒక్కసారి నిలబడలేదు. ఐదు వారాలుగా ఆ వీపు మీదే కోపం.

“మీ అమ్మ దగ్గరికి నీ ఉత్తరం వచ్చింది లే,” అంది న్యాఫిరి, ఇద్దరు ఎక్కి ఇంకొకరే మిగిలారని తెలిశాక తీరిగ్గా ఒరిగి కూర్చుంటూ. “బడి మేష్టారు తడికల దగ్గరే నిలబడి చదివాడు, అందరం విన్నాం. భోజనం బాగుంటుంది, స్నేహితులు చాలామంది ఉన్నారు. చదివించుకుని మీ అమ్మ కాగితం తీసుకుని ఇట్లా చూసింది, ఆమెకి చదువు రాదుగా, అట్లాగే చూసి నవ్వింది. అంతా అబద్ధం న్యాఫిరీ, అంది. నీకెట్లా తెలుసే అన్నా. నా కూతురు సంతోషంగా ఉంటే అక్షరాలు గాలికి పోతాయి, ఒకటి తూర్పు, ఒకటి పడమర. ఇవి చూడు, బుద్ధిగా వరసలో నిలబడ్డాయి, ఏడుపు బిగబట్టుకుని రాసింది, అంది.”

తవోంగా మండాసి కొరకడం ఆపింది.

“మరి కబురు పెట్టరాదటే, వచ్చెయ్యమని, అన్నా నేను. అంటే మీ అమ్మ ఏమందో తెలుసా? పోయిన రోజున ఒక్కసారి తలెత్తి చూస్తే నేనే బస్సుకి అడ్డం పడిపోయేదాన్ని, కష్టపడి తలొంచుకున్నాను, ఇప్పుడు ఎత్తమంటావా, అంది. వస్తే వస్తుంది, ముద్ద ఎప్పుడూ ఉంటుంది, ఉంటే ఉంటుంది, అది దాని ఇష్టం, అంది. అని మళ్లీ చేపలు తిరగేసుకుంది. రాక్షసి తల్లీ మీ అమ్మ. నాకైతే అంత గుండె లేదు.”

ముడి అక్కడ తెగింది. ముందు ముక్కులోంచి ఒక చప్పుడు, తర్వాత భుజాలు, తర్వాత తన గొంతేనా అనిపించే గొంతు. తవోంగా సగం తిన్న మండాసి పట్టుకుని, పదిహేనుమంది కొత్తవాళ్ల మధ్య, మధ్యాహ్నం పూట, గొంతెత్తి ఏడ్చింది, సరస్సు పేరూ, అమ్మ పేరూ, పేర్లు లేనివన్నీ. కోటు పెద్దమనిషి వెనక్కి తిరిగి, కంగారుగా, ముక్కుకి పెట్టుకున్న జేబురుమాలే తీసి ఇచ్చాడు. కోడాయన “ఎవరైనా పోయారా?” అని అడిగాడు. “ఎవరూ పోలేదు, అందరూ ఉన్నారు, అందుకే,” అంది న్యాఫిరి. ఊరుకో అని ఒక్క మాట అనలేదు, గోనెల కట్ట కొంచెం జరిపి భుజం దగ్గరికి తెచ్చింది అంతే. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగా తవోంగాకి ఒక వింత తెలిసింది. ఆకలేస్తోంది. ఐదు వారాల తర్వాత నిజంగా ఆకలి. మిగతా సగం మండాసి తినేసింది, ఇంకోటుందా పిన్నీ అని అడిగింది.

చివరి మనిషి ఎక్కాడు. కేకలాయన తలుపు దబ్బున మూశాడు. డ్రైవరు తాళం తిప్పాడు. బండి దగ్గింది, మూలిగింది, ఊరుకుంది. మళ్లీ తిప్పాడు, ఈసారి దగ్గను కూడా లేదు.

“దిగండి, దిగండి, ఒక్క తోపు! కోటాయనా, మీరు కూడా! తోపుకి కోటూ గీటూ లేదు!”

న్యాఫిరి “నేను గోనెలు కాస్తాను” అని కదలకుండా కూర్చుంది, తవోంగా సంచీ కూడా ఆవిడ ఒళ్లోనే పెట్టి మిగతా అందరితో దిగింది. తడిసిన రేకు మీద రెండు అరచేతులూ ఆనించి, బురదలో బూట్లు జారుతుంటే, పక్కన కోడాయన కోడిని చంకలో నొక్కుకుని ఒంటిచేత్తో తోస్తుంటే, కేకలాయన ఒకటి రెండు మూడు అంటుంటే తోసింది. ఒంట్లో ఇంత బలం ఎక్కడుందో. బండి మెల్లగా కదిలింది, దొర్లింది, బస్టాండు గేటు దాటి పల్లంలో వేగం అందుకుంది, గుప్పున పొగ వదిలి బతికింది. అందరూ కేరింతలు కొడుతూ పరిగెత్తి, ఒకర్నొకరు లోపలికి లాక్కుంటూ ఎక్కారు. తవోంగా కూడా పరిగెత్తింది. తలుపు కడ్డీ చేతికి అందింది. కోటాయన చెయ్యి చాచాడు. రండి రండి అన్నారు లోపల్నుంచి. ఆమె ఇంకో నాలుగడుగులు కడ్డీ పట్టుకుని పరిగెత్తి, వదిలేసింది.

“ఏమైందమ్మాయ్?” అని డ్రైవరు, ఇంజను ఆగిపోతుందేమోనని గుర్రుగుర్రుమనిపిస్తూ, రోడ్డు పక్కకి తీశాడు.

“పిన్నీ, నా సంచీ!”

న్యాఫిరి కిటికీలోంచి ఆమెని పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది, బురద, జల్లు, ఉబ్బిన కళ్లు. ఒక్క మాట అడగకుండా సంచీ కిటికీలోంచి దింపింది. అప్పటికే కేకలాయన గొడుగెత్తి మొదలుపెట్టేశాడు, ఒక్కరు, ఒక్కరే ఒక్కరు, లివోండే, బలాకా, లిలోంగ్వే. పైరోడ్డు మీద నుంచి ఎవరో చెయ్యి ఊపుతూ పరిగెత్తుకొస్తున్నారు.

“అమ్మకి ఏం చెప్పమంటావే?” అంది న్యాఫిరి.

తవోంగా సంచీ నెత్తికెత్తుకుంది. ఏం చెప్పాలి. చెప్పవలసినవి చాలా ఉన్నాయి, వీపు గురించి, కోపం గురించి, రాతి మీద కూర్చునే ఒక మనిషి గురించి. ఆ వచ్చే మనిషి బండెక్కేశాడు, తలుపు పడింది, చక్రాలు కదిలాయి. ఆమె పక్కనే నాలుగడుగులు నడిచింది.

“ఊలు దుప్పటి పంపమనండి పిన్నీ. ఇక్కడ చలి ఆగస్టు దాకా ఉంటుందట.”